సీబీ2 సెలెక్టివిటీ: ఒకే పదార్థానికి రెండు ల్యాబుల్లో రెండు నిష్పత్తులు ఎందుకు వస్తాయి?

గుంటూరు_ఫార్మకాలజీ:

అందరికీ నమస్కారం. నేను ఫార్మకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నరాల నొప్పికి మందు కాగలవన్న ఆశతో మా రసాయన విభాగం వారు తయారుచేసిన కొన్ని పదార్థాలు, కన్నబినాయిడ్ రిసెప్టర్లలో (గంజాయి లాంటి పదార్థాలు అంటుకునే కణ ప్రోటీన్లలో) సీబీ1ను వదిలి సీబీ2కు మాత్రమే ఎంతవరకు అంటుకుంటాయో, అంటే వాటి సెలెక్టివిటీని, కొలవడం నా పని. సీబీ1 కోసం ఎలుక మెదడు మెంబ్రేన్లను (కణాల పొరలను), సీబీ2 కోసం మానవ జన్యువు ప్రవేశపెట్టిన సీహెచ్ఓ (చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ) కణాల మెంబ్రేన్లను వాడుతున్నాను. రెండు చోట్లా ట్రేసర్ (ఎంత అంటుకుందో లెక్కించడానికి వాడే రేడియోధార్మిక పదార్థం) ఒక్కటే, ట్రిషియం చేర్చిన సీపీ55,940.

ప్రతి ప్రయోగంలోనూ పోలిక కోసం జేడబ్ల్యూహెచ్-133 కూడా పెడుతున్నాను. దాని కేఐ (అంటుకునే బిగువును చెప్పే అంకె, ఎంత తక్కువైతే బిగువు అంత ఎక్కువ) సీబీ2 దగ్గర 3.4 నానోమోలార్, సీబీ1 దగ్గర 677 నానోమోలార్ అని ప్రచురితమై ఉంది. అంటే దాదాపు 200 రెట్ల సెలెక్టివిటీ. నా చేతిలో వస్తున్న నిష్పత్తి అందులో చిన్న వంతు మాత్రమే. వక్రరేఖల ఆకారంలో లోపం కనిపించడం లేదు, ఎప్పుడు చేసినా ఫలితం అదే తీరుగా వస్తోంది. పోలిక పదార్థమే ఇలా ఉన్నప్పుడు మా కొత్త పదార్థాల గురించి నేను వేసే పట్టికకు విలువ ఏమిటన్నది నన్ను వేధిస్తున్న ప్రశ్న. ఈ పనిలో అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

వడపోత_బల్ల:

మంచి ప్రశ్న అండి. ఎప్పుడు చేసినా ఒకే తీరుగా వస్తోందన్నారు కాబట్టి ఇది చేతి వణుకు వల్ల వచ్చే తేడా కాదు, ప్రయోగం అమరికలోనే ఉన్న తేడా. సమాధానం చెప్పే ముందు కొన్ని వివరాలు కావాలి. ఒక్కో గుంటలో ద్రవం ఎంత, ప్రోటీన్ ఎంత, ట్రేసర్ గాఢత ఎంత, ఎంతసేపు ఉంచుతున్నారు, బఫర్‌లో బీఎస్ఏ (పశువుల రక్తం నుంచి తీసిన అల్బుమిన్ ప్రోటీన్) ఉందా లేదా? వీటన్నింటికన్నా ముందు, మీరు చెబుతున్న నిష్పత్తి ఐసీ50లదా (ట్రేసర్‌లో సగాన్ని తొలగించే గాఢతలదా), కేఐలదా?

గుంటూరు_ఫార్మకాలజీ:

వివరాలు ఇవండి. 96 గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు 200 మైక్రోలీటర్లు. రెండు రిసెప్టర్లకూ 20 మైక్రోగ్రాముల ప్రోటీన్, 0.5 నానోమోలార్ ట్రేసర్. 30 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచి, జీఎఫ్/బీ గాజునార ఫిల్టర్ మీద చల్లటి బఫర్‌తో కడుగుతాను. మెదడు మెంబ్రేన్లకు బీఎస్ఏ వేస్తున్నాను. సీబీ2 మెంబ్రేన్లతో వచ్చిన సూచనల పత్రంలో బీఎస్ఏ ప్రస్తావన లేదు కాబట్టి అక్కడ వేయడం లేదు. ఆ పత్రం ప్రకారం వాటిలో రిసెప్టర్ ఒక మిల్లీగ్రాము ప్రోటీన్‌కు దాదాపు 5 పికోమోల్. నిష్పత్తి ఐసీ50లదే. ట్రేసర్ గాఢత రెండు చోట్లా ఒకటే కాబట్టి ఐసీ50ల నిష్పత్తి, కేఐల నిష్పత్తి సమానమవుతాయని మా ల్యాబులో అనుకుంటాము.

వడపోత_బల్ల:

ఆ చివరి వాక్యం దగ్గర మొదలుపెడదాం. ట్రేసర్ గాఢత ఒకటైనంత మాత్రాన రెండు నిష్పత్తులూ సమానం కావు. 1973 నుంచి అందరం వాడుతున్న చెంగ్, ప్రుసాఫ్ సూత్రం ప్రకారం, ట్రేసర్ గాఢతను దాని కేడీతో భాగించి, దానికి ఒకటి కలిపి, వచ్చిన సంఖ్యతో ఐసీ50ను భాగిస్తే కేఐ వస్తుంది. అందులో ఉన్న కేడీ ఆయా మెంబ్రేన్‌లో ఆ ట్రేసర్‌కు ఉన్న బిగువు. సీపీ55,940 రెండు రిసెప్టర్లకూ తక్కువ నానోమోలార్ స్థాయిలోనే అంటుకుంటుంది, అందుకే అది రెండింటికీ పనికొచ్చే ట్రేసర్ అయింది. అయినా రెండు కేడీలూ ఒకటే అనుకోవడానికి వీల్లేదు.

ఉదాహరణకు మీ మెదడు మెంబ్రేన్లలో కేడీ 2 నానోమోలార్, సీబీ2 మెంబ్రేన్లలో 0.5 నానోమోలార్ అనుకోండి. 0.5 నానోమోలార్ ట్రేసర్‌తో సీబీ1 ఐసీ50ను 1.25తోనూ, సీబీ2 ఐసీ50ను 2తోనూ భాగించాలి. ఈ ఒక్క సవరణతోనే మీ సెలెక్టివిటీ 1.6 రెట్లు పెరుగుతుంది. సూచనల పత్రంలో అచ్చువేసిన కేడీని తీసుకోకండి. మీ బఫర్‌లో, మీ మెంబ్రేన్ బ్యాచ్ మీద సాచురేషన్ ప్రయోగం (రిసెప్టర్ నిండేదాకా ట్రేసర్ గాఢతను పెంచుతూ చూసేది) చేసి మీరే కొలుచుకోవాలి. ఇది ట్రేసర్ ఎక్కువగా ఖర్చయ్యే పని. లైసెన్సు కాగితాలు, దిగుమతి ఆలస్యం అన్నీ దాటుకుని వచ్చిన ట్రిషియం సీసాను దాని మీద ఖర్చుచేయడం ఎంత కష్టమనిపిస్తుందో తెలుసు. అయినా ఆ అంకె లేకపోతే తరువాత లెక్కించే ప్రతి కేఐ అంచనాగానే మిగులుతుంది.

రెండో విషయం ఇంతకన్నా పెద్దది. 5 పికోమోల్ చొప్పున 20 మైక్రోగ్రాముల మెంబ్రేన్‌లో 100 ఫెమ్టోమోల్ (0.1 పికోమోల్) రిసెప్టర్ ఉంటుంది. 200 మైక్రోలీటర్లలో 0.5 నానోమోలార్ అంటే మీరు వేసే ట్రేసర్ కూడా 100 ఫెమ్టోమోలే. రిసెప్టర్ ఎంతో ట్రేసర్ అంతే ఉన్న చోట, పైన అనుకున్న 0.5 కేడీతో లెక్కవేస్తే, వేసిన ట్రేసర్‌లో దాదాపు 38 శాతం రిసెప్టర్‌కే అంటుకుపోతుంది. ద్రవంలో స్వేచ్ఛగా మిగిలేది మీరు కాగితం మీద రాసుకున్న 0.5 కాదు, 0.3 మాత్రమే. చెంగ్, ప్రుసాఫ్ సూత్రం నిలబడాలంటే అంటుకునే భాగం పది శాతం దాటకూడదన్నది మనందరం పాటించే హద్దు. ట్రేసర్‌కు జరిగిందే మీ పరీక్ష పదార్థానికీ జరుగుతుంది. రిసెప్టర్ గాఢత 0.5 నానోమోలార్ ఉన్న గుంటలో, ఎంత బిగువుగా అంటుకునే పదార్థానికైనా 0.25 నానోమోలార్‌కు తక్కువ ఐసీ50 చూపించే అవకాశమే ఉండదు. అంటే సీబీ2 దగ్గర గొప్పగా ఉన్న పదార్థమే ఎక్కువగా నష్టపోతుంది. మెదడు మెంబ్రేన్లలో సీబీ1 సాంద్రత ఇంతకన్నా తక్కువ కాబట్టి అక్కడ ఈ నష్టం అంతగా ఉండదు. ఒక వైపు మాత్రమే తప్పుగా చూపించే అమరిక ఇది, నిష్పత్తిని తగ్గించేదీ ఇదే.

పరిష్కారం ప్రోటీన్ తగ్గించడం, ద్రవం పెంచడం. 2 మైక్రోగ్రాముల మెంబ్రేన్‌ను ఒక మిల్లీలీటరులో పెడితే రిసెప్టర్ 10 ఫెమ్టోమోల్, ట్రేసర్ 500 ఫెమ్టోమోల్ అవుతాయి. అప్పుడు మొత్తం రిసెప్టర్ నిండినా రెండు శాతమే ఖర్చవుతుంది. కౌంట్లు సరిపోవని భయపడకండి. మిల్లీమోల్‌కు 150 క్యూరీల ట్రేసర్‌లో ఒక ఫెమ్టోమోల్ నిమిషానికి దాదాపు 333 విఘటనలు ఇస్తుంది. ఫిల్టర్ మీద కౌంటర్ సామర్థ్యం తగ్గినా, ఎక్కువసేపు లెక్కిస్తే చదవదగిన అంకె వస్తుంది.

గోదావరి_టు_లండన్:

వడపోత_బల్ల గారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తూ, బీఎస్ఏ సంగతి మీద రెండు మాటలు చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే కన్నబినాయిడ్ల దగ్గర దీన్ని చిన్న విషయంగా వదిలేసేవారు చాలామంది. ఈ పదార్థాలకు నీరు పడదు. ప్లాస్టిక్ గోడ, పిపెట్ కొన, ఫిల్టర్ కాగితం, మెంబ్రేన్‌లోని కొవ్వు, ఏది దొరికితే దానికి అంటుకుంటాయి. చింతపండు రసంలో వేసిన నూనె గిన్నె అంచుకు చేరినట్టు, మీరు పైనుంచి వేసిన మొత్తం ద్రవంలో నిలవదు. బీఎస్ఏ దాన్ని ద్రవంలో పట్టి ఉంచుతుంది. అయితే అదే బీఎస్ఏ తాను కూడా పదార్థాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఎక్కువైతే రిసెప్టర్‌కు అందే స్వేచ్ఛా గాఢత తగ్గుతుంది. ఒక మెంబ్రేన్‌కు వేసి, మరొక మెంబ్రేన్‌కు వేయకపోతే, మీరు పోలుస్తున్నది రెండు రిసెప్టర్లను కాదు, రెండు బఫర్లను. ఎంత వేయాలన్న దానిమీద ల్యాబుకొక అలవాటు ఉంది. 0.1 నుంచి 0.5 శాతం దాకా చూస్తాము. అంకె కన్నా రెండు వైపులా ఒకటే ఉండటం ముఖ్యం.

ఫిల్టర్లను పాలిఎథిలీన్ఇమైన్‌లో ముందుగా నానబెట్టండి. పరీక్ష పదార్థాన్ని పలుచన చేసేటప్పుడు ప్రతి మెట్టునూ నేరుగా బఫర్‌లో చేయకుండా డీఎంఎస్ఓ ద్రావణిలోనే చేసి, చివరి మెట్టులో మాత్రమే బఫర్‌లోకి మార్చండి. గుంటలో డీఎంఎస్ఓ శాతం అన్ని చోట్లా ఒకటిగా ఉండాలి. నాన్‌స్పెసిఫిక్ బైండింగ్‌ను (రిసెప్టర్ కాని చోట్ల ట్రేసర్ అంటుకోవడాన్ని) ఏ పదార్థంతో నిర్ణయిస్తున్నారో కూడా రాయండి. ట్రేసర్‌కు రసాయనికంగా దగ్గరి పదార్థాన్నే ఎక్కువ మోతాదులో వాడితే, రిసెప్టర్ కాని చోట్ల నుంచి కూడా ట్రేసర్‌ను తరిమి, స్పెసిఫిక్ బైండింగ్‌ను ఉన్నదానికన్నా పెద్దదిగా చూపించే ప్రమాదం ఉంది. సీపీ55,940 ట్రేసర్‌కు విన్55,212-2 వాడటం అందుకే మేలు. దాని నిర్మాణం పూర్తిగా వేరు.

ఒక గంట సమయం గురించి. పోటీ ప్రయోగంలో సమతాస్థితికి చేరవలసింది ట్రేసర్ మాత్రమే కాదు, పరీక్ష పదార్థం కూడా. నెమ్మదిగా విడిపోయే పదార్థం గంటలో ఇంకా మధ్యదారిలోనే ఉండవచ్చు. ఒక మంచి పదార్థాన్ని తీసుకుని అదే ప్రయోగాన్ని గంటకు, రెండు గంటలకు, మూడు గంటలకు చేసి చూడండి. ఐసీ50 కదలకపోతే మీ గంట సరిపోతుంది. కదిలితే పట్టికలోని వరుస క్రమమే మారిపోవచ్చు.

రసాయనం_హైదరాబాద్:

నేను మెడిసినల్ కెమిస్టుని, కొలిచే వైపు కాక తయారుచేసే వైపు ఉన్నవాణ్ణి. చర్చ చాలా ఉపయోగంగా ఉంది. సెలెక్టివిటీ ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం చెబితే, ఏ కొలతను గట్టిగా పట్టుకోవాలో తేలికవుతుందని రాస్తున్నాను.

సీబీ1 జన్యువును 1990లోనూ, సీబీ2ను 1993లోనూ క్లోన్ చేశారు. మానవ సీబీ1 పొడవు 472 అమైనో ఆమ్లాలు, సీబీ2 పొడవు 360. మొత్తం మీద రెండింటికీ పోలిక 44 శాతం, మెంబ్రేన్‌ను దాటే భాగాల్లో మాత్రం 68 శాతం. మన పదార్థాలు కూర్చునేది ఆ దాటే భాగాల మధ్యనే కాబట్టి, పోలిక ఎక్కువగా ఉన్న చోటే తేడాను వెతకవలసి వస్తోంది. ఈ రంగంలో సెలెక్టివిటీ కష్టమవడానికి మూలం ఇదే. గంజాయిలోని టీహెచ్‌సీకి రెండు చోట్లా కేఐ 40 నానోమోలార్ చుట్టుపక్కలే ఉంటుంది, అసలు తేడా చూపించదు.

సీబీ1లో మూడో హెలిక్స్ (మెంబ్రేన్‌ను దాటే మెలిక భాగం) మీద 192వ స్థానంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. దాన్ని అలనిన్‌గా మారిస్తే సీపీ55,940, హెచ్‌యూ-210, శరీరంలోనే తయారయ్యే ఆనందమైడ్ అంటుకోవడం మానేశాయి, విన్55,212-2 మాత్రం యథావిధిగా అంటుకుందని 1996లో చూపించారు. టీహెచ్‌సీ కుటుంబంలోని ఫీనాల్ హైడ్రాక్సిల్‌కు సీబీ1 దగ్గర ఆ లైసిన్ ఆధారమని మాలాంటివాళ్ళం భావిస్తాము. క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ బృందం తయారుచేసిన జేడబ్ల్యూహెచ్-133లో ఆ హైడ్రాక్సిల్‌ను పూర్తిగా తీసివేశారు. హెచ్‌యూ-308లో ఫీనాల్ హైడ్రాక్సిళ్ళను మీథాక్సీలుగా కప్పివేశారు. రెండూ సీబీ1ను వదిలి సీబీ2ను పట్టుకున్నాయి. గుంటూరు_ఫార్మకాలజీ గారూ, మీ పదార్థాలు ఈ కుటుంబానివైతే అసలు సమాచారం సీబీ1 కోల్పోయిన బిగువులో ఉంటుంది. అంటే కొలవడానికి కష్టమైన, బలహీనమైన వైపే మీకు ముఖ్యం.

ఇక ఖర్చు సంగతి. ప్రతి పదార్థానికీ రెండు పూర్తి వక్రరేఖలు గీయడం మా లాంటి చోట సాధ్యం కాదు. 10 మైక్రోమోలార్ దగ్గర ఒక్క బిందువు చూసి, సీబీ1 దగ్గర ట్రేసర్‌ను సగం కూడా తొలగించనివాటినే ముందుకు తీసుకెళతాము. మొదటి జల్లెడగా అది సరిపోతుందని నా అభిప్రాయం.

గోదావరి_టు_లండన్:

జల్లెడగా ఒప్పుకుంటాను, కొలతగా ఒప్పుకోను. 10 మైక్రోమోలార్ దగ్గర ఈ పదార్థాల్లో చాలావరకు కరిగి ఉన్నాయో, సూక్ష్మంగా పేరుకుపోయాయో మనకు తెలియదు. పేరుకుపోయిన పదార్థం రిసెప్టర్‌ను చేరదు. అప్పుడు సీబీ1 దగ్గర ఏమీ చేయలేదన్న ఫలితం వస్తుంది, దాన్ని మనం సెలెక్టివిటీ అని సంతోషంగా రాసుకుంటాము. కరగకపోవడమే సెలెక్టివిటీగా కనిపించే ఈ ప్రమాదం, ఎంత ఎక్కువ కొవ్వు స్వభావం ఉన్న పదార్థమైతే అంత ఎక్కువ. కనీసం ప్లేటులోని పై ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, మిగిలిన గాఢతను ఎల్‌సీ-ఎంఎస్ పరికరంతో ఒకసారి చూడటం పెద్ద ఖర్చు కాదు.

రసాయనం_హైదరాబాద్:

కరుగుదల మాట నిజమే. మేము కైనెటిక్ సాల్యుబిలిటీ విడిగా కొలుస్తాము కానీ, బైండింగ్ బఫర్‌లో కాదు. దాన్ని మా పద్ధతిలో చేర్చమని అడుగుతాను. ఒక్క బిందువు జల్లెడను మాత్రం వదులుకోను. వందల పదార్థాలు ముందున్నప్పుడు, సందేహం ఉన్నవాటిని కూడా కొంతకాలం మోయడమా, అన్నింటినీ ఆపడమా అన్నదే ప్రశ్న.

లాగరిథం_మాస్టారు:

ఫలితాలను రాసే తీరు గురించి చెప్పడానికి అనుమతించండి. ఐసీ50లు, కేఐలు లాగరిథం మెట్టు మీదే సమంగా పరుచుకుంటాయి. కాబట్టి సగటు, దోషం లెక్కించవలసింది పీకేఐల (మోలార్లలో కేఐకి రుణ లాగరిథంల) మీద. నానోమోలార్ అంకెల సగటు తీసి, ప్లస్ ఆర్ మైనస్ పెట్టి, రెండు సగటులను భాగించి 187 రెట్లు అని మూడంకెల ఖచ్చితత్వంతో రాయడం సరైనది కాదు. సెలెక్టివిటీ అంటే రెండు పీకేఐల తేడా. ప్రతి పీకేఐకి 0.2 ప్రామాణిక దోషం ఉందనుకుంటే, తేడాకు అది 0.28 అవుతుంది, 95 శాతం హద్దులు రెండు వైపులా దాదాపు 0.55 దాకా వెళతాయి. రెట్లలో చెప్పాలంటే, 100 అని రాసిన అంకె 28 నుంచి 360 వరకు ఏదైనా కావచ్చు. రెండు ల్యాబుల అంకెలు మూడు రెట్లు వేరుగా ఉంటే, అది విభేదమే కాకపోవచ్చు.

హద్దు అంకెల సంగతి మరొకటి. హెచ్‌యూ-308కు సీబీ2 కేఐ 22.7 నానోమోలార్, సీబీ1 దగ్గర 10 మైక్రోమోలార్‌కు పైన అని ప్రచురించారు. దీని నుంచి మనం నిజంగా చెప్పగలిగేది 440 రెట్లకు పైన అని మాత్రమే. పట్టికల్లో ఆ పైన అన్న గుర్తు కాలక్రమంలో రాలిపోయి, ఖచ్చితమైన అంకెగా మారి, తరువాత వచ్చే వ్యాసాల్లో మరొక పదార్థంతో పోల్చబడుతోంది. ఒక పదార్థానికి 440కి పైన, మరొకదానికి 200 అంటే మొదటిది మేలని చెప్పవచ్చు. ఒకదానికి 440కి పైన, మరొకదానికి 700 అంటే ఏది మేలో చెప్పలేము.

సంకేతాల_వైపు:

బైండింగ్ దగ్గరే ఆగిపోకూడదని గుర్తుచేయాలనిపించింది. నేను కణ సంకేతాల మీద పనిచేస్తాను.

200 రెట్ల సెలెక్టివిటీ ఉన్న పదార్థం కూడా సెలెక్టివ్‌గా ఉండేది కొన్ని గాఢతల మధ్యనే. జేడబ్ల్యూహెచ్-133 ప్రచురిత అంకెలనే తీసుకోండి. స్వేచ్ఛా గాఢత 100 నానోమోలార్ అయితే సీబీ2 97 శాతం నిండుతుంది, సీబీ1 13 శాతం. 1 మైక్రోమోలార్ దగ్గర సీబీ1 60 శాతం నిండుతుంది. 10 మైక్రోమోలార్ దగ్గర 94 శాతం. కణాల మీద 10 మైక్రోమోలార్ పోసి, కనిపించిన ప్రతి ప్రభావాన్నీ సీబీ2 ఖాతాలో వేసిన వ్యాసాలు ఎన్ని చదివానో. పైగా మెదడులో సీబీ1 చాలా సమృద్ధిగా ఉంటుంది. సాంద్రత ఎక్కువ ఉన్న చోట కొద్ది భాగం నిండినా బలమైన అగోనిస్టు (రిసెప్టర్‌ను పనిచేయించే పదార్థం) పెద్ద స్పందన తెస్తుంది. కాబట్టి పూర్తి అగోనిస్టు విషయంలో బైండింగ్ నిష్పత్తి ఇచ్చే భరోసా ఇంకా తక్కువ.

అంటుకోవడం, పనిచేయించడం వేరువేరు అనడానికి ఆర్గ్27569 కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. అది సీబీ1 మీద వేరొక స్థానంలో కూర్చుని సీపీ55,940 బైండింగ్‌ను పెంచుతుంది, దాని సంకేతాన్ని మాత్రం తగ్గిస్తుంది. ట్రేసర్ కౌంట్లు మాత్రమే చూసేవారికి అది సహాయకారిగా కనిపిస్తుంది. అందుకే సంకేతాన్ని కొలిచే పరీక్షల్లో కనీసం 35ఎస్-జీటీపీగామాఎస్ గానీ, సైక్లిక్ ఏఎంపీ గానీ రెండు రిసెప్టర్ల మీదా చేసి, బైండింగ్ పక్కన పెట్టి చూపించాలి.

రిమోనబాంట్ కథ కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. 1994లో సనోఫీ పరిశోధకులు సీబీ1కు దాదాపు 2 నానోమోలార్ కేఐతో అంటుకునే ఎస్ఆర్141716ఏను, అంటే ఈ రిమోనబాంట్‌నే, ప్రకటించారు. సీబీ2 దగ్గర అది చాలా బలహీనం. సెలెక్టివిటీ కొలతల దృష్టితో చూస్తే అది ఆదర్శమైన పదార్థం. స్థూలకాయానికి మందుగా 2006లో ఐరోపాలో అనుమతి పొంది, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల భయంతో 2008లో అమ్మకం ఆగిపోయింది. మన దేశంలోనూ 2009లో నిషేధించారు. హాని చేసింది మరో రిసెప్టర్‌కు అంటుకోవడం వల్ల కాదు, మెదడులోని సరైన రిసెప్టర్‌నే నిరోధించడం వల్ల. సీబీ2 మీద ఇంతమంది పట్టుదలగా పనిచేయడానికి ఆ అనుభవం ఒక పెద్ద కారణం. సీబీ2 అగోనిస్టుల మీద మన దేశంలోనే గ్లెన్‌మార్క్ వారు జీఆర్‌సీ 10693 పేరుతో ఒక పదార్థాన్ని ముందుకు తీసుకెళ్ళారు. సీబీ2 పదార్థాలకు సీబీ1 నిష్పత్తి ఇంత పట్టింపుగా కొలవడం వెనుక ఉన్నది రోగి మనసు క్షేమం.

గుంటూరు_ఫార్మకాలజీ:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. చర్చ చదివాక నా ప్రణాళికను ఇలా మారుస్తున్నాను. ముందు రెండు మెంబ్రేన్ల మీదా సాచురేషన్ చేసి కేడీ తెచ్చుకుంటాను. ప్రోటీన్‌ను తగ్గించి, ఒక మిల్లీలీటరు గొట్టాలకు మారుస్తాను. బీఎస్ఏ రెండింటికీ ఒకే శాతంలో వేస్తాను. కాలం మార్చి చూసే ప్రయోగాన్ని జేడబ్ల్యూహెచ్-133తోనూ, మా పదార్థాల్లో బిగువైన ఒకదానితోనూ చేస్తాను.

ఒక సందేహం మిగిలింది. నా సీబీ1 ఎలుకది, సీబీ2 మనిషిది. మానవ సీబీ1 ఉన్న కణాలకు మారమని మా గైడ్ గారు సూచిస్తున్నారు. తరువాత నొప్పి ప్రయోగాలు మాత్రం ఎలుకల మీదే జరుగుతాయి. ఏది సరైన జత?

గోదావరి_టు_లండన్:

గైడ్ గారి సూచన సరైనదే. మానవ సీబీ1, మానవ సీబీ2 ఒకే రకం కణాల్లో, ఒకే బఫర్‌లో కొలిస్తే మందు రూపకల్పనకు పనికొచ్చే నిష్పత్తి వస్తుంది. మెదడు మెంబ్రేన్‌లో మరొక చిక్కు కూడా ఉంది. అందులో ఆనందమైడ్ లాంటి అమైడ్లను విడగొట్టే ఎఫ్ఏఏహెచ్ ఎంజైమ్ సమృద్ధిగా ఉంటుంది. పీఎంఎస్ఎఫ్ అనే నిరోధకాన్ని వేసి దాన్ని ఆపకపోతే, ఆనందమైడ్ ఉన్నదానికన్నా ఎంతో బలహీనంగా కనిపిస్తుంది. ఆ ఎంజైమ్‌కు లొంగని మీథానందమైడ్‌ను తయారుచేయడానికి దారితీసింది ఈ సమస్యే. మీ పదార్థాల్లో అలాంటి అమైడ్ ఉంటే, సీబీ1 దగ్గర బలహీనత నిజమైనదా, పదార్థాన్ని ఎంజైమ్ గంటలో విడగొట్టేసిందా అన్నది పీఎంఎస్ఎఫ్‌తోనూ, లేకుండానూ చేసి తేల్చుకోండి.

జాతి భేదం సీబీ1 దగ్గర పెద్దది కాదు. మనిషికీ ఎలుకకూ మధ్య అది 97 శాతానికి పైగా ఒకటే. సీబీ2 దగ్గర పోలిక 80 శాతం చుట్టూ మాత్రమే ఉంటుంది, దాని ఫలితం చిన్నది కాదు. ఏఎం1241 అనే పదార్థాన్నే చూడండి. దాని రెండు అద్దపు రూపాల్లో ఆర్ రూపం మానవ సీబీ2 మీద అగోనిస్టుగానూ, ఎలుక సీబీ2 మీద ఇన్వర్స్ అగోనిస్టుగానూ (దానికి వ్యతిరేక దిశలో) పనిచేసిందని 2007లో ప్రచురించారు. మానవ కణాల్లో అగోనిస్టు అని తేల్చుకుని ఎలుకకు ఇచ్చి, వచ్చిన ఫలితానికి అర్థం చెప్పబోతే ఎంత గందరగోళమో ఊహించండి. 2017లో పలు ల్యాబులు కలిసి పద్దెనిమిది సీబీ2 పదార్థాలను ఒకే పద్ధతుల్లో పరీక్షించి, అగోనిస్టుల్లో హెచ్‌యూ-910, హెచ్‌యూ-308, జేడబ్ల్యూహెచ్-133 వాడదగినవని సిఫారసు చేశాయి. మీరు పోలికకు ఎంచుకున్నది ఆ మూడింటిలో ఒకటి కావడం మంచి నిర్ణయం.

సంకేతాల_వైపు:

ఎలుకలకు ఇవ్వబోయే పదార్థాలకు మాత్రం ఎలుక సీబీ2 కొలత తప్పనిసరిగా చేర్చండి. అన్నింటికీ అవసరం లేదు, జంతువు దాకా వెళ్ళే రెండు మూడింటికి చాలు. ఎలుక సీబీ2 జన్యువు ఉన్న కణాలు దొరకకపోతే ప్లీహం మెంబ్రేన్లు వాడతారు. ప్లీహంలో సీబీ2 బాగా ఉంటుంది కానీ, కణాల్లో మీరు చూసిన 5 పికోమోల్ సాంద్రత ఆశించకండి. అక్కడ ప్రోటీన్ పెంచక తప్పదు, దానితో పాటు కొవ్వు పెరుగుతుంది, నాన్‌స్పెసిఫిక్ బైండింగ్ కూడా పెరుగుతుంది.

వడపోత_బల్ల:

ప్లీహం చేసేటప్పుడు ఎర్ర రక్తకణాలను ముందుగా తొలగించుకోండి. లేకపోతే ఫిల్టర్ మీద రంగు మిగిలి, సింటిలేషన్ కాంతిని మింగి, కౌంట్లను తగ్గించి చూపిస్తుంది. స్పెసిఫిక్ బైండింగ్ మొత్తంలో సగానికి తగ్గకుండా వచ్చే ప్రోటీన్ మోతాదును పోటీ వక్రరేఖలకు ముందే వెతుక్కోండి. జేడబ్ల్యూహెచ్-133 కేఐలు కొత్త అమరికలో ఎలా వచ్చాయో, మీ బఫర్ వివరాలతో సహా ఇక్కడే రాస్తే, ఈ ప్రశ్నతో వచ్చే తరువాతి వారికి పోల్చుకోవడానికి ఉంటుంది.

గుంటూరు_ఫార్మకాలజీ:

తప్పకుండా రాస్తాను. పీకేఐలు, వాటి దోష హద్దులు, పైన అన్న గుర్తులు రాలిపోకుండా రాస్తాను. మొదటి సాచురేషన్‌కు గడ్డకట్టించి ఉంచిన మెంబ్రేన్లను కరిగించే ముందు ప్రోటీన్ కొలతను మళ్ళీ చేసుకుంటున్నాను. లేబుల్ మీద రాసిన అంకెతో పోలిస్తే అది ఎంత ఉందో కూడా చేరుస్తాను.